షోకేసులో కుడికాలు

భద్రాచలం,
12 అక్టోబరు 2025

నజియాకు,

ముందు ఒక తప్పు దిద్దాలి. "నానీ కాళ్లే వచ్చాయి నాకు, చదును కాళ్లు, ఇక పరుగేం వస్తుంది" అని రాశావు. నావి చదును కాళ్లు కావు. నేను నిలబడితే నా అరికాలి కింద నుంచి చీమల బారు అటు దూరి ఇటు వస్తుంది. చదును కాళ్లు మీ తాతవి. చెప్పుల దుకాణంలో కూర్చుని జీవితాంతం ఊరందరి కాళ్లూ కొలిచాడు, తన కాళ్ల సంగతి మాత్రం ఒప్పుకోకుండానే పోయాడు. నీకు ఆయన ఓర్పు వచ్చి ఉంటే బాగుండేది, పాదాలు వచ్చాయి. వారసత్వంలో ఏరుకునే వీలుండదు.

ఇక మీ కోచింగ్ సార్. చదును కాళ్లవాళ్లు పరుగెత్తలేరన్నాడు, ఆ వెంటనే తన బావమరిది షాపులో ఉన్న ఖరీదైన షూ కొంటే పరుగెత్తగలరని కూడా అన్నాడు. జబ్బు పేరు చెప్పి, దానికి మందు తన సంచిలోంచే తీసేవాణ్ణి మనం సంతలో చూస్తూనే ఉంటాం. నువ్వు కొనవద్దు. కింద మన దుకాణం ఉండగా, అందులో మీ మన్సూర్ మామూ ఉండగా, పోలీసు ఉద్యోగం పరుగు పరీక్షకు నువ్వు ఇంకొకరి గుమ్మం ఎక్కితే మీ తాత సమాధిలో అటు నుంచి ఇటు తిరుగుతాడు. ఆ చదును కాళ్లతోనే.

ధర చూసి కొనేవాళ్లు, రంగు చూసి కొనేవాళ్లు, పక్కవాడి కాలు చూసి కొనేవాళ్లు ఉంటారు. మన దుకాణం బతికింది వాళ్ల మీదే. తన కాలు చూసుకుని కొనేవాళ్లు ఏడాదికి నలుగురు వస్తే గొప్ప. నువ్వు ఆ నలుగురిలో ఉండు. సాయంత్రం గ్రౌండు నుంచి వచ్చాక అరికాలు తడిపి పాత పేపరు మీద నిలబడు. పొద్దున వద్దు, రోజంతా నిలబడ్డాక కాలు కాస్త ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన కాలే పరుగెత్తేది. మధ్యలో ఖాళీ లేకుండా మొత్తం ముద్ర పడితే చదును. తర్వాత పొడి కాగితం మీద నిలబడి, నీ గదిలో ఉండే అమ్మాయి చేత పాదం చుట్టూ పెన్సిలుతో గీయించు. నువ్వే వంగి గీసుకోకు. వంగితే బరువు జరుగుతుంది, గీత అబద్ధం చెబుతుంది. రెండు కాళ్లూ గీయించాలి. ఒక్క తల్లికి పుట్టినా రెండూ ఒక్కలా ఉండవు. నీ పాత కాన్వాసు జోడు అడుగున ఎటువైపు అరిగిందో కూడా చూసి రాయి.

కాగితాలు మన వీధి గోప్యాకు ఇవ్వు. అతని బస్సు ఖమ్మం వచ్చినప్పుడల్లా మీ హాస్టలు గేటు దగ్గర ఆగి అడుగుతానన్నాడు. పిల్లల ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేయడం మీ కోచింగులో నాకు నచ్చిన ఒకే ఒక్క పద్ధతి. ఇన్నేళ్లు బడిలో తెలుగు చెప్పాను. ఈ ఇంట్లో నాకు ఉత్తరం రాసిన మొదటి మనిషివి నువ్వే, అదీ తాళం పుణ్యాన.

నీ నానీ,
అమీనా బీ


ఖమ్మం,
15 అక్టోబరు

నానీ,

సలాం. నీ కాళ్లను అవమానించినందుకు చెవులు పట్టుకున్నాను.

సాయంత్రం పేపరు మీద నా కాలు పూరీ పడ్డట్టు పడింది. ఎక్కడా ఖాళీ లేదు. నా గదిలో ఉండేది ద్వాలి అని చెప్పానుగా, తిరుమలాయపాలెం దగ్గర తండా పిల్ల. అది చూసి "ఇది కాలు కాదే, ఇస్త్రీ పెట్టె" అంది. గీసిందీ అదే. చక్కిలిగిలికి నేను రెండుసార్లు కదిలాను, రెండుసార్లూ నా పిక్క మీద కొట్టి మళ్లీ మొదటి నుంచి గీసింది. కుడికాలు ఎడమదాని కన్నా ఒక్క పిసరు పొడుగు. పాత కాన్వాసు లోపలి అంచు వైపు అరిగింది.

పరుగు డిసెంబరు మొదటి వారంలో. గ్రౌండు చుట్టూ రెండు చుట్లు, ఎనిమిది వందల మీటర్లు. పోయినసారి మొదటి రాత పరీక్ష గట్టెక్కి పరుగులో పోయాను. రెండో చుట్టు చివరి మలుపులో కాళ్లు నావి కాకుండా పోయాయి. ఈసారీ పోతే ఇక ప్రయత్నించనని, వచ్చి దుకాణంలో కూర్చుంటానని మామూకు మాట ఇచ్చాను కదా. నువ్వే సాక్షివి. అందుకని ఒక్కటి అడుగుతాను, కోప్పడకు.

నాకు షోకేసు జోడు వద్దు నానీ.

ఇంటి కాళ్లకు కొత్త సరుకు కాదని తాత పెట్టిన రివాజు నాకు తెలుసు. షోకేసు అద్దంలో కుడికాలు నిలబడుతుంది, ఎడమకాలు డబ్బాలో పడుకుంటుంది. కుడిదాని రంగు ఎండకు పోయి ఇక ఎవరూ కొనరనుకున్నాక ఆ జోడు మనకొస్తుంది. బడిలో నా కుడికాలు ఎప్పుడూ ఎడమకాలి కన్నా ముసలిదే. బజారుకూ పెళ్లిళ్లకూ అయితే సరే. ఈ రెండు చుట్లకు మాత్రం రెండు కాళ్లూ ఒక్క వయసువి కావాలి. నాన్న పోయినప్పటి నుంచి నా ఫీజులు, బట్టలు, అన్నీ మామూయే చూస్తున్నాడు, ఇది కూడా నేనే అడిగితే బాగుండదు. నువ్వు చెప్పు.

నీ ఇస్త్రీ పెట్టె,
నజియా


భద్రాచలం,
21 అక్టోబరు

నజియాకు,

షూ పంపుతున్నాను. గోప్యా తన సీటు వెనక పెట్టి తెస్తాడు.

మీ మామూను పైకి పిలిచి, నువ్వు గీయించిన కాగితాలు ముందు పెట్టి, పిల్లవాడికి పాఠం చెప్పినట్టు చెప్పాను. కుడికాలు పెద్దది కాబట్టి సైజు దానికే చూడాలి. కాలి పెద్దవేలి ముందు చేతి బొటనవేలు పట్టేంత జాగా ఉండాలి. చదును కాలు లోపలికి ఒరుగుతుంది కాబట్టి లోపలి అంచు కింద అడుగు గట్టిగా ఉండాలి. బురదలో కాలేసినట్టు మెత్తగా ఉన్నది ఎంత గొప్ప పేరుదైనా వద్దు. పోయినేడాది మోడలు అయితే ఇంకా మంచిది. షూ అదే, రంగు మారిందని ధర తగ్గుతుంది. రంగు పరుగెత్తదు కదా.

"షోకేసుది కాదు గదా?" అన్నాను.

"ఏందమ్మా గట్లంటవ్! మా పోరి పోలీసైతదంటే షోకేసుది ఇస్తనా? సీల్డ్ డబ్బా. ఇప్పుడే కోస్త."

దిగి వెళ్లి ఒక కాలు పట్టుకొచ్చాడు. ముదురు నీలం, సిరా రంగు. వంచి చూశాను, వేళ్ల దగ్గర వంగింది, నడుమ దగ్గర వంగలేదు. తడి గుడ్డలా మెలితిప్పాను, తిరగలేదు. మడమ వెనక వేలితో నొక్కాను, లొంగలేదు. ఈ ఇంట్లో నాకు లొంగనిది చాలా రోజుల తర్వాత ఒకటి దొరికింది.

"రెండోది ఏది?" అన్నాను.

"డబ్బాల ఉంది. కొనెటోళ్లకే ఒక్క కాలు చూపిస్తం, నీకు రెండెందుకే అమ్మా?"

నవ్వొచ్చింది. నిజమే కదా, మీ తాత కూడా ఎవరికైనా చూపించింది ఒక్క కాలే. మోకాళ్లు బాగుంటే దిగి నేనే చూసేదాన్ని. డబ్బాలో పెట్టమని చీటీ రాసి ఇచ్చాను: "నా చేత్తో వంచి, మెలితిప్పి చూసి పంపుతున్నాను. అమీనా బీ."

మొదటిసారి పరుగుకే వేసుకోకు. రెండు రోజులు నడువు, ఆ తర్వాత పరుగెత్తు. పరుగుకు ఏ సాక్సు వేసుకుంటావో అవే వేసుకో. ఆ పిక్క మీద కొట్టే పిల్లకు నా సలాం చెప్పు. ఇక్కడ అలాంటి మనిషి కొరత ఉంది.

నానీ


ఖమ్మం,
2 నవంబరు

నానీ,

చీటీ నా పెట్టె మూతకు అతికించాను. షూ అందంగా ఉన్నాయి. లోపల బొటనవేలి జాగా సరిగ్గా ఉంది. నువ్వు చెప్పినట్టే రెండు రోజులు నడిచాను.

కానీ పరుగులో ఏదో తేడాగా ఉంది. ఎడమకాలు బాగానే ఉంటుంది. కుడికాలు నేలకు తగిలినప్పుడల్లా చెక్క మీద కొట్టినట్టు మోకాలి దాకా వస్తుంది. మడమ దగ్గర బొబ్బ కూడా లేచింది. సార్ గడియారం చూసి, "నువ్వు ముందుకు పోతున్నవా, ఎనుకకు పోతున్నవా?" అని అందరి ముందూ అన్నాడు. పాత కాన్వాసుతోనే ఇంతకన్నా ముందు వచ్చేదాన్ని.

తప్పు నాదేనేమో. కాలు గీసేటప్పుడు కదిలానేమో. మామూకు మాత్రం చెప్పకు, బాధపడతాడు.

నజియా


భద్రాచలం,
9 నవంబరు

నజియాకు,

ఒకే జోడులో ఒక కాలు బాగుండి, ఇంకో కాలు బాగుండకపోతే తప్పు షూది ఎలా అవుతుంది? నేను వంచి చూశాను. మెలితిప్పి చూశాను. లేసు వదులుగా కట్టి ఉంటావు, మడమ లోపల ఆడి బొబ్బ లేస్తుంది. లేదా పొద్దున కొలిచి సాయంత్రం కొలిచానని రాశావు.

ఇది నాకు పెద్ద సంగతి కాదు. అసలు సంగతి వేరు. మొన్న గోప్యా ఖమ్మంలో నిన్ను చూశాడట. ఆ కోచింగ్ సార్ బావమరిది షాపులోంచి నువ్వూ ఆ పిల్లా బయటికి వస్తున్నారట, ఆ పిల్ల చేతిలో సంచీ ఉందట. "నజియా బేటీ కొత్త షూ కొన్నట్టుంది" అని అతను సంబరంగా చెప్పాడు. నేను సంబరపడలేదు.

కొనాలనుకుంటే కొనుక్కో. దానికి మన దుకాణం షూ కుట్టిందని, పొడిచిందని నాకు కథలు రాయనక్కరలేదు. మీ మామూ ఆరోజు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాడు. మనిషి చేసిన పనికి వంక పెట్టి ఇంకో గుమ్మం తొక్కడాన్ని మా కాలంలో ఒక మాటతో పిలిచేవాళ్లం. బడిలో చెప్పిన నోరు కాబట్టి ఇక్కడ రాయను.

అమీనా బీ


ఖమ్మం,
16 నవంబరు

అమీనా బీ గారికి,

ఆ షాపులో ద్వాలి సాక్సులు కొనుక్కుంది. సంచీలో ఉన్నవి అవే. నేను ఏమీ కొనలేదు, షోకేసు అద్దంలోకి కూడా చూడలేదు.

ఈరోజు ఆదివారం. గ్రౌండులో మట్టి బాగా పట్టిందని షూ రెండూ సబ్బు పెట్టి కడిగాను. కుడిదాంట్లోంచి నీలం నీళ్లు కారాయి. ఎడమదాంట్లోంచి మట్టి మాత్రమే పోయింది. డాబా మీద ఎండబెట్టి మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఎడమది సిరా రంగు, కుడిది తెల్లారగట్ట ఆకాశం రంగు. ద్వాలి చూసి "ఏందే, నీ జోడుల తల్లీబిడ్డా ఉన్నరా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. నేను చెప్పుల దుకాణం మీద పెరిగిన పిల్లను. కుడిదాన్ని వంచి చూశాను, అట్టలా ఉంది. ఎండకు గట్టిపడింది. అంచున జిగురు విడిచింది, గోరు దూరుతోంది.

ఒక్కటే అడిగాను మిమ్మల్ని. షోకేసు జోడు వద్దన్నాను. ఇచ్చేదే ఇస్తే, ఇదే ఉంది, వేసుకో అని ఇవ్వాల్సింది. పాత కాన్వాసుతో పరుగెత్తేదాన్ని. రంగు పూసి పంపారు. "నా చేత్తో చూసి పంపుతున్నాను" అని మీ దస్తూరీతో రాసి మరీ పంపారు. ఆ చీటీని నేను పెట్టె మూతకు అతికించుకున్నాను. నొప్పి అంటే లేసు అన్నారు, నా కొలత అబద్ధమన్నారు.

పరుగు అయ్యేదాకా నాకు రాయకండి. మీ మాట పట్టుకుని నా మోకాలిని నేనే తిట్టుకున్నాను.

నజియా


భద్రాచలం,
18 నవంబరు

నజియాకు,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. చించేసే ముందు చదువు.

నీ ఉత్తరం చదివి మెట్లు దిగాను. రంజాన్ తర్వాత ఇదే దిగడం. దుకాణంలో ఇద్దరు గిరాకీలు కూర్చుని ఉన్నారు. నేను నేరుగా షోకేసు దగ్గరికి పోయాను. కింది అరలో పరిచిన ఎర్ర గుడ్డ ఎండకు వెలిసి రోజా రంగుకు వచ్చింది. మధ్యలో ఒక్క చోట మాత్రం కొత్త ఎరుపు అలాగే ఉంది. కుడికాలు ఆకారంలో. ఇక నేను ఎవర్నీ ఏమీ అడగనక్కరలేదు. అయినా అడిగాను.

"మన్సూర్, గీడ నిలబడ్డ నీలంది ఏది?"

"అమ్ముడుపోయిందమ్మా."

"ఒక్క కాలే అమ్మినవా?"

గిరాకీలు లేచి వెళ్లిపోయారు. మీ మామూ చాలాసేపు డబ్బాలు సర్దాడు. తర్వాత నా మొహం చూడకుండా అన్నాడు: "నేను దాని కాలు ఇరగ్గొట్టలే అమ్మా. జర్ర నెమ్మది చేసిన, గంతే."

జర్ర నెమ్మది చేశాడట. నాకు చూపించింది డబ్బాలో పడుకున్న ఎడమకాలు. రంగు సీసా తెచ్చి సాకిబ్ చేత కుడిదానికి పూయించాడు. కొడుక్కి పని నేర్పడం ఇన్నాళ్లకు మొదలుపెట్టాడు.

"ఎందుకురా?" అన్నాను.

"పాసైతే ఏడ ఏస్తరు? చర్ల దిక్కు అడవిల, నక్సలైట్ల నడుమ క్యాంపుల ఏస్తరు. ఓనాడు ఫోను మోగుతది. ఎవరెత్తాలె? నువ్వెత్తుతవా?"

అక్కడ ఆగి ఉంటే నా మనసు కరిగేది, నజియా. ఆ భయం నాకూ ఉంది. కానీ అబద్ధం మోసేవాడికి ఒక్క సాకు చాలదు, రెండోది కూడా తీస్తాడు.

"సాకిబ్‌కు గల్లా కాడ కూసునే ఓపిక లేదు. నజియా అయితే గిరాకీని నిలబెడతది. రెండు మాటలు జెప్పి రెండు జోళ్లు అంటగడతది. ఇంటి పిల్ల ఇంట్ల ఉంటే ఏమాయె?"

మొదటిది భయం. రెండోది నిజం.

అప్పటికి మీ అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. "నీకు తెలుసా అంజుమ్?" అన్నాను. కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది: "అన్న జెప్పిండమ్మా. నేను వద్దనలే."

అదీ సంగతి. ఈ ఇంట్లో అందరికీ తెలుసు, మనిద్దరికీ తప్ప. వాళ్ల అబద్ధానికి సంతకం కావాలి, నా సంతకం వాడుకున్నారు. నా మాట మీద నీకు అనుమానం రాదని మన్సూర్‌కు తెలుసు. నేను కన్నవాడు నన్ను ఎంత బాగా చదివాడో చూడు. బడిలో ఒక్క పుస్తకం అలా చదవలేదు.

పోయిన ఉత్తరంలో నీ కొలత అబద్ధమన్నాను. కాదు. నీది ఒక్కటే నిజమైన కొలత. నువ్వు నన్ను 'మీరు' అన్నావు. వెనక్కి తీసుకోమని అడగను.

ఇప్పుడు పని. గోప్యాకు కవరు ఇచ్చాను, నా పెన్షనులోది, ఎవరి గల్లాలోదీ కాదు. ద్వాలిని తీసుకుని ఈ సాయంత్రమే ఏ షాపుకైనా పో, ఆ బావమరిదిదే అయినా సరే. మీ తాత తిరిగితే తిరగనీ. పేరు అడగకు, ధర అడగకు. చదును కాళ్లకు పోయినేడాది మోడలు ఏముందో అడుగు. డబ్బాలోంచి రెండు కాళ్లూ తీయించు. వెలుతురులోకి తెచ్చి పక్కపక్కన పెట్టి రంగు చూడు, రెండూ వంచు, రెండూ మెలితిప్పు. నీ సాక్సుతో వేసుకుని, నిలబడి, కుడికాలి ముందు బొటనవేలు పెట్టి చూడు. మడమ జారకూడదు. షాపు బయట వీధిలో పరుగెత్తి రా. వద్దంటే అక్కడ కొనకు. వేసుకున్న క్షణంలోనే హాయిగా ఉండాలి. వాడగా వాడగా సర్దుకుంటుంది అనేది అమ్మేవాడి మాట. నేను ఆ మాటతోనే ఈ ఇంట్లో ఇన్నేళ్లు సర్దుకున్నాను.

పరుగుకు ఇంకా రెండు వారాలు ఉన్నాయి. కొత్త జోడు నీ కాలికి అలవాటు కావడానికి అది చాలు.

అమీనా బీ


ఖమ్మం,
5 డిసెంబరు

నానీ,

గట్టెక్కాను.

చివరి మలుపులో ఈసారి కాళ్లు నావే. ద్వాలి నా కన్నా చాలా ముందు పోయింది, గీత దాటి వెనక్కి తిరిగి "ఇస్త్రీ పెట్టే, ఉరుకు!" అని అరిచింది. షూ బూడిద రంగువి, చూడ్డానికి ఏమీ బాగుండవు. పోయినేడాదివి. వీధిలో పరుగెత్తి చూస్తానంటే షాపాయన విచిత్రంగా చూశాడు. ద్వాలిని జామీను పెట్టి పరుగెత్తాను.

ఇంకా ఆఖరి రాత పరీక్ష ఉంది. అది అయ్యేదాకా ఇంటికి రాను. అయ్యాక కూడా ఏమో. అమ్మీ హాస్టలు ఆఫీసు ఫోనుకు చేసి ఏడ్చింది. మామూ ఫోను తీసుకుని "షాబాష్ బేటీ" అన్నాడు. చిన్నప్పుడు నా లేసులు కట్టింది ఆయనే.

నువ్వు మెట్లు దిగావని రాశావు. మళ్లీ ఎక్కేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకున్నారా?

నజియా


భద్రాచలం,
9 డిసెంబరు

నజియాకు,

ఎవరూ పట్టుకోలేదు. మన్సూర్ చెయ్యి చాపాడు, నేను గోడ పట్టుకున్నాను. 'నువ్వు' అని రాశావు, చూశాను.

ఉద్యోగం ఇంకా రాలేదు, ఆఖరి పరీక్ష ఉంది. ఫ్లెక్సీ మాత్రం వచ్చింది. నిన్న దుకాణం ముందు కట్టారు. మధ్యలో నీ ఫొటో, నువ్వు పదో తరగతిలో దిగినది. ఒక పక్క మీ మామూ, ఇంకో పక్క సాకిబ్, ఇద్దరూ నల్ల కళ్లద్దాలతో. కింద పెద్ద అక్షరాలతో: "మా షాపు షూ వేసుకుని పోలీసు పరుగులో గెలిచిన మా మేనకోడలు." తెలుగులో తప్పు ఒక్కటీ లేదు. ఫ్లెక్సీలో ఉన్న నిజం అదొక్కటే.

గిరాకీ పెరిగింది. తల్లులు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. "నజియా ఏసుకున్నది చూపియ్యి" అని అడుగుతున్నారు. మన్సూర్ ఏదో ఒకటి తీసి చూపిస్తున్నాడు. నేను పై కిటికీలోంచి వింటున్నాను. దించమని చెప్పాను. "మన పిల్లే గదమ్మా" అన్నాడు. నేను మళ్లీ చెప్పలేదు. అడిగినవాళ్లకు అడిగింది చూపించడమే దుకాణం ధర్మమని వాళ్ల నాన్న నేర్పాడు.

అందుకని నీకు ఒక చిన్న పని. ఆ జోడు నువ్వు పారేసి ఉండవు, నాకు తెలుసు. కుడిదాన్ని తియ్యి. తుడవకు, కడగకు, ఆ ఆకాశం రంగు అలాగే ఉండనీ, విడిచిన అంచు కూడా. నా చీటీని నీ పెట్టె మూత మీద నుంచి ఊడదీసి దాని లోపల పెట్టు. పాత పేపరులో చుట్టి, శుక్రవారం గోప్యాకు డ్యూటీ ఉంది, గేటు దగ్గర ఇవ్వు. దుకాణంలో ఇవ్వొద్దని చెప్పు, మెట్లెక్కి నా చేతికే ఇమ్మను. ఫ్లెక్సీ కింద, షోకేసు గుడ్డలో ఆ ఎర్ర మచ్చ మీద దాన్ని నేనే పెడతాను. మెట్లు ఎలా దిగాలో ఇప్పుడు నాకు వచ్చు.

ఎడమది పంపకు. కొనేవాళ్లకు చూపించేది ఒక్క కాలే.

నానీ